రెక్కలు వాళ్లవి, రెక్కల కష్టం మనది

రేణిగుంట అంటే రెండు గుర్తులు. ఒకటి రైల్వే జంక్షన్. రెండోది విమానాశ్రయం. రెండూ మన వాడల పక్కనే ఉన్నాయి. రెండింటికీ మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, కడిగేవాళ్లు కావాల. ఆ పనులకి ఏ వాడల నించి పోతారో వేరే చెప్పక్కర్లేదు. మరి రైలు మనకి చేసిన మేలు విమానం ఎందుకు చెయ్యలేదు? ఈ ప్రశ్న మనమే అడగాల. మన తరఫున ఇంకెవరూ అడగరు.

రైల్వేలో గ్యాంగ్‌మన్‌గానో, ఖలాసీగానో, సఫాయివాలాగానో చేరినోడు పర్మినెంటు ఉద్యోగి అయ్యాడు. రిజర్వేషన్ ఉండింది. పని కష్టమే, చిన్నచూపూ తప్పలేదు. అయినా నెల తిరిగేసరికి జీతం, ఉండేదానికి క్వార్టరు, రోగమొస్తే రైల్వే ఆసుపత్రి, ముసలితనంలో పెన్షను. ఆ జీతంతోనే పిలకాయలు బడికి పోయారు. మా తరంలో ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చినోళ్లలో చాలామంది వెనక ఒక గ్యాంగ్‌మన్ సుత్తి ఉంది. ఊడ్చే పని కాదు మనల్ని తొక్కేసేది. ఆ పనిని ఏ లెక్కన చేయించుకుంటున్నారన్నదే అసలు సంగతి.

ఇక విమానాశ్రయం సంగతి. 2015 అక్టోబర్ 22న ప్రధానమంత్రి వచ్చి కొత్త టెర్మినల్ ప్రారంభించాడు. అద్దాల మేడ లేచింది. మన పిలకాయలకి ఆశ పుట్టింది. టెన్త్ పాసయితే చాలు, గ్రౌండ్ సర్వీసులో ఉద్యోగం అన్నారు. పేరు బాగుంది. ఆ పేరు కింద ఏముందో, మా దగ్గర అక్షరాలు దిద్దుకుని అక్కడ పనికి పోయినోళ్లు చెప్తుంటారు.

విమానం వచ్చి ఆగీ ఆగకముందే చక్రాలకి అడ్డుదిమ్మెలు పెట్టాల. మెట్లబండి ఆనించాల. సామాన్ల గది తలుపు తీసి బెల్టుబండి తగిలించాల. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానంలో ఆ గది ఎత్తు నాలుగడుగులు. నిలబడేదానికి లేదు. మోకాళ్ల మీద కూర్చునో, నడుం వంచుకునో పెట్టెలు లాగాల, నెట్టాల, పేర్చాల. ఒక్కో పెట్టె 32 కిలోల దాకా ఉండొచ్చు. వచ్చిన విమానం అర్ధగంటకల్లా తిరిగి లేవాలంటారు. ఆ అర్ధగంటలోనే కొందరు లోపల సీట్లు ఊడ్చాల. ఇంకొకరు మరుగుదొడ్డి తొట్టికి గొట్టం తగిలించి ఆ మురికిని బండిలోకి దించాల. చేత్తో ఎత్తే పని కాదు, నిజమే. గొట్టం జారితే అది ఎవరి మీద పడుతుంది?

మే నెలలో రేణిగుంట ఎండ మనకి కొత్త కాదు. చేలో అయితే ఒక చింతచెట్టు నీడన్నా దొరుకుతుంది. విమానాలు ఆగే చోట చెట్టుండదు. కింద కాంక్రీటు సెగ, పక్కన ఇంజను హోరు. తెల్లారుజాము షిఫ్టు, రాత్రి షిఫ్టు. వెంకన్న దర్శనానికి వచ్చి లడ్డు సంచితో తిరిగిపోయే భక్తుడు, ఆ సంచి ఎవరి చేతుల మీదుగా పోయిందో ఎరగడు. గుళ్లోకి రానివ్వని రోజుల్లో కూడా గుడికి రాళ్లు మోసింది మన చేతులే కదా!

ఈ పని కాంట్రాక్టు ఎట్లా అయిందో ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలియాల. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. దాని కింద 1976 డిసెంబర్‌లో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కేంద్రం పరిధిలోని సంస్థల భవనాలు ఊడ్చే, తుడిచే, కాపలా కాసే పనుల్లో కాంట్రాక్టు పద్ధతి కూడదంది. ఎయిరిండియాలో ఊడ్చే కార్మికులు దీన్ని పట్టుకుని కోర్టుకెక్కారు. 1996లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. కాంట్రాక్టు రద్దయిన చోట ఆ కార్మికుల్ని సంస్థే సొంత ఉద్యోగులుగా తీసుకోవాలని చెప్పింది. ఆ తీర్పు రాసిన జడ్జి జస్టిస్ కె. రామస్వామి. తెలుగువాడు, దళిత బిడ్డ. చీపురు పట్టిన చేతికి హక్కు ఉందని రాసిన కలం అది.

అయిదేళ్లు తిరక్కముందే, 2001 ఆగస్టులో, స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పుని కొట్టేసింది. 1976 నోటిఫికేషన్ని కూడా కొట్టేసింది. కాంట్రాక్టు రద్దయినా కార్మికుడు దానంతటదే ఉద్యోగి కాడని చెప్పింది. తలుపు తెరిచింది ముగ్గురు, మూసింది అయిదుగురు.

ఇప్పుడు ఆ 1970 చట్టం కూడా లేదు. 2025 నవంబర్ 21 నించి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. సంస్థ అసలు పనిలో కాంట్రాక్టు కూడదని కొత్త కోడ్ అంటుంది. వినేదానికి బాగుంది. కానీ ఏది అసలు పని కాదో ఒక జాబితా ఇచ్చింది. ఊడ్చడం, శుభ్రం చెయ్యడం, చెత్త ఎత్తడం, కాపలా, వంట, తోటపని, సామాను ఎక్కించడం దించడం. ఏ సంస్థ అయినా ప్రత్యేకంగా ఆ పని కోసమే పెట్టింది కాకపోతే ఇవేవీ అసలు పని కాదట! ఈ జాబితా మనకి కొత్తగా ఉందా? తరతరాలుగా ఊరు మన చేత చేయించుకున్న పనుల జాబితా కాదా ఇది? మనువు రాయక్కర్లేదు, పార్లమెంటే రాసింది. సామాను ఎక్కకుండా ఏ విమానం లేస్తుందో చూపించమనండి!

సర్కారు సొంత కంపెనీ సంగతీ చూద్దాం. ఎయిరిండియాని 2022 జనవరిలో టాటాలకి అప్పగించినా, గ్రౌండ్ పనులు చేసే ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ కేంద్రం చేతిలోనే ఉండిపోయింది. పలు విమానాశ్రయాల్లో అది పిలిచే హ్యాండీమాన్ ఉద్యోగాలకి టెన్త్ చాలు, రిజర్వేషన్ కూడా ఉంది. కానీ మూడేళ్ల గడువు ఉద్యోగం. ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గరయితే రిజర్వేషన్ మాటే లేదు. అంటే రిజర్వేషన్ ఉన్న చోట ఉద్యోగం నిలవదు, మిగతా చోట్ల రిజర్వేషనే ఉండదు.

ఇంకో ముల్లు ఉంది. లోపల పని చెయ్యాలంటే ఎంట్రీ పాసు కావాల. దానికి పోలీసు విచారణ జరగాల. ఊళ్లో భూమి కోసమో, బొడ్రాయి దగ్గర అవమానం మీదో కొట్లాడిన పిలకాయ మీద ఎదురు కేసు పెట్టడం మనకి తెలిసిందే. ఆ కేసు విమానాశ్రయం గేటు దాకా వెంట వస్తుంది. అందుకే కేసుల మీద సంఘాలు ముందునించే వకీళ్లతో మాట్లాడుకోవాల.

మన పెద్దోళ్లు కొందరు, చదివించింది మళ్లీ మూటలు మోసేదానికా, పోవద్దు అంటారు. వాళ్ల బాధ నిజం. కానీ పని మానేస్తే కాంట్రాక్టరుకి ఇంకొకడు దొరుకుతాడు. పనిలో ఉండి కూడబలుక్కుంటేనే వాడికి భయం. 2005 ఆగస్టులో లండన్ హీత్రో విమానాశ్రయంలో, విమానాలకి భోజనాలు సర్దే కాంట్రాక్టు కంపెనీ గేట్ గోర్మే ఆరు వందల మందికి పైగా కార్మికుల్ని తీసేసింది. వాళ్లలో ఎక్కువమంది పంజాబీ ఆడోళ్లు. మర్నాడు బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో సామాను మోసేవాళ్లు వాళ్ల కోసం పని ఆపారు. వందల విమానాలు కదల్లేదు. తీసేసినోళ్లందరికీ పని తిరిగి రాలేదు, అదీ చెప్పుకోవాల. కానీ నేల మీది చేతులు ఆగితే ఆకాశం ఆగుతుందని లోకానికి తెలిసింది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏంది? ఒకటి, ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని కొత్త కోడే చెప్తుంది. అడిగి తీసుకోండి. రెండు, గడువు ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ వస్తుంది. పీఎఫ్ జమ అవుతోందో లేదో నెలనెలా చూసుకోండి. మూడు, విమానాశ్రయం కేంద్రం పరిధి. ఫిర్యాదు కేంద్ర లేబర్ కమిషనర్ శాఖకి పోవాల. నాలుగు, తాత్కాలిక ఉద్యోగులకీ సమాన పనికి సమాన వేతనమని సుప్రీంకోర్టు 2016లో పంజాబ్ ప్రభుత్వం కేసులో చెప్పింది. ఆ మాట ప్రతి వినతిపత్రంలో రాయండి. అయిదు, కాంట్రాక్టు పనుల్లోనూ రిజర్వేషన్ కావాలని, కౌంటర్లో ఎవరున్నారో, విమానం కడుపులో ఎవరు దూరుతున్నారో కులాల వారీ లెక్క బయట పెట్టాలని ప్రతి దళితవాడ నించీ అడుగుదాం.

రైల్వే స్టేషన్లలో ఊడ్చే పని కూడా ఇప్పుడు కాంట్రాక్టర్ల పాలైంది. అంటే విమానం రైలుని చూసి నేర్చుకోలేదు, రైలే విమానాన్ని చూసి చెడింది. ఇది రేణిగుంట పిలకాయల సమస్య మాత్రమే కాదు. చీపురు, మూట, గొట్టం పట్టిన ప్రతి చేతి సమస్య. మన తాతలు వెట్టిని కాదన్నారు. ఈ కొత్త వెట్టిని కాదనాల్సింది మనం.

జై భీమ్!