ఇంటావిడ కూడా కూర్చునే పండగ

డిసెంబర్ వస్తే ఇక్కడ అమెరికాలో ప్రతి వారాంతం ఎవరో ఒకరింట్లో కలుస్తాం. ఇరవైమందికి టీ పెట్టేసరికి ఇంటావిడ వంటింట్లోనే ఉండిపోతుంది. అందుకే నేనంటాను, ఆ రోజు టీ మానేసి వేడి ఆపిల్ సైడర్ పెట్టండి.

సైడర్ అనగానే కంగారు పడకండి. ఇక్కడ మత్తున్నదాన్ని హార్డ్ సైడర్ అంటారు, ఉత్త సైడర్ అంటే వడకట్టని ఆపిల్ రసమే. పిల్లలుంటే పాశ్చరైజ్ చేసిందే కొనండి.

ఒక గాలన్, అంటే సుమారు 3.8 లీటర్ల సైడర్‌లో 4 దాల్చినచెక్కలు, 10 లవంగాలు, కాస్త అల్లం, ఒక కమలాపండు చక్రాలు వేసి సన్నసెగ మీద అరగంట ఉంచండి. తెర్లనివ్వద్దు. పొడులు వేస్తే అడుగున మడ్డి చేరుతుంది. పంచదార అక్కర్లేదు, పండు తీపే చాలు.

మసాలాలు తీసేసి, స్లో కుక్కర్‌లో వెచ్చగా ఉంచి, పక్కన గరిటె, కప్పులు పెట్టేయండి. ఎవరికి కావలసింది వాళ్ళే పోసుకుంటారు.

చేతికందించకపోతే మర్యాదేనా అంటారు పెద్దవాళ్ళు. వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడటం అంతకన్నా మర్యాద కాదూ?