రేలంగివారి పంక్తి



ఊరివారి నెల్ల నవ్వించి, యింటికి రాగానే మొగము ముడుచుకొను పురుషులను మనము చూచియే యుందుము. అరుగుమీద నున్నంతసేపు వారి మాటలకు వినువారి పొట్టలు చెక్కలగును. గడప దాటి లోని కడుగిడగానే పప్పులో ఉప్పు తక్కువయినదని కంచము త్రోయుదురు. రేలంగి వేంకటరామయ్యగా రట్టివారు కారనియు, నవ్వునకును అన్నమునకును వారియింట కఱవు లేకుండెననియు పెద్దలు చెప్పుచుండగా వినుచు పెరిగినవారము. కావున నీ మాసము వారిని గుఱించి ముచ్చటించుచున్నాము.

వారు 1910లో రావులపాలెము చెంత రావులపాడున జన్మించిరి. మా మండపేటనుండి ఆలమూరు మీదుగా జొన్నాడ చేరి, గౌతమిపై వంతెన దాటినచో రావులపాలెమే. కనుక మేము వారిని ప్రక్కయూరివారి క్రిందనే కట్టుకొందుము. ఏటి కావలియొడ్డువారికి మీకేమి హక్కని కోనసీమ సోదరీమణు లాక్షేపింతురేమో! తండ్రిగారు హరికథయందును సంగీతమునందును ప్రవేశము గలవారు. ఆ విద్య కుమారుని గొంతున కబ్బినది. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బువారి నాటకములలో నాడిరి, ఆడవేషములును కట్టిరి. ఆడవేషము కట్టిన మగవానికి చీర కుచ్చెళ్ళు సర్దుకొనుట యెంత పనియో తెలియును. పెండ్లికి బయలుదేరునప్పుడు “ఇంకను కాలేదా?” యని కేక వేయు భర్తల చేత నొక్కమాఱైనను ఆ వేషము కట్టింపవలెనని మాకు తోచుచుండును.

1935లో చిత్తజల్లు పుల్లయ్యగారి “శ్రీకృష్ణ తులాభారము”న వారు తొలిసారి తెరపై కనబడిరి. 1949లో వచ్చిన “గుణసుందరి కథ”తో గదా వారి పేరు ఇల్లిల్లును చేరినది! నడుమ పదునాలుగేండ్లు, రామచంద్రుని వనవాసమంత కాలము. చిన్న చిన్న వేషములు. వేషము దొరకని దినములలో చిత్రసంస్థలో చేతి కందిన పనియెల్ల. అప్పటికే సంసారి. నేటి యువకులు రెండేండ్లలో పేరు రాలేదని మంచ మెక్కుచున్నారు. వారి తల్లులు ఈ లెక్క నొకమాఱు చెప్పి చూడవచ్చును.

ఆ పిమ్మట సుమారు 300 చిత్రములు. “పాతాళభైరవి” (1951)లో రాజుగారి బావమఱదియైన శూరసేనుడు, “మిస్సమ్మ” (1955)లో దేవయ్య, “మాయాబజారు” (1957)లో మాయాశశిరేఖ చేతికి చిక్కి బెంబేలెత్తిన లక్ష్మణకుమారుడు. “పక్కింటి అమ్మాయి” (1953)లో కథానాయకుడే వారు. కొన్ని పాటలు తమ గొంతుతోనే పాడిరి. “మిస్సమ్మ”లోని బిచ్చగాని పాట వారిదే. వారి హాస్యమున నొక గుణము మాకు మిక్కిలి నచ్చును. కుంటివానిని, నత్తివానిని వెక్కిరించి నవ్వించుట కాదు. తన్ను తాను వెఱ్ఱివానిగా చేసికొని, ఇదిగో నన్ను చూచి నవ్వుకొండని యెదుట నిలుచుట. అట్టి నవ్వునకు ఇంటిల్లిపాదియు కలసి కూర్చుండవచ్చును.

సంస్కృతనాటకములలో విదూషకుడు భోజనప్రియుడు. “మృచ్ఛకటికము”న మైత్రేయుడు, చారుదత్తుడు సంపన్నుడై యున్ననాడు తాను తిన్న పిండివంటలను తలచుకొని నిట్టూర్చును. మన రేలంగివారన్ననో తెరపై మైత్రేయుడు, ఇంటివద్ద చారుదత్తుడు. చిత్రముల పని యంతయు మదరాసున నున్నను, వారి మనసు తాడేపల్లిగూడెమున నుండెను. అచ్చట ఇల్లు, అచ్చటనే “రేలంగి చిత్రమందిరము”. వచ్చినవారికి అన్నము పెట్టిరనియు, పేదపిల్లల చదువులకును పెండ్లిండ్లకును ధన మిచ్చిరనియు గోదావరి కిరుగడల వారును నేటికిని చెప్పుకొందురు. తెరపై బిచ్చమెత్తినవారు తమ గుమ్మమున బిచ్చగాని నుత్తచేతులతో పంపలేదు.

వీరిని తలచుటకు వేఱొక కారణమును గలదు. పేరు తెలుపవలదని కోరిన యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె భర్త సరసుడు, ఉదారుడు. మధ్యాహ్నము నలుగురిని వెంటబెట్టుకొని వచ్చును. చేబదు లిచ్చి మఱచును. పిల్లల బడి జీతము గడువు దాటుచుండును. “అందఱును నీ భర్త దేవుడందురు, నే నొక్కమాట యన్నచో పిసినిగొట్టు నగుదును” అని యామె బాధ.

అమ్మా, నీవు పిసినిగొట్టువు కావు. తన కడుపు మాడ్చుకొని పెట్టినచో అది దానము. ఇంటివారి కడుపు మాడ్చి పెట్టినచో అది వారు చేసిన దానము. పేరు మాత్ర మతనిది. ఆ “మృచ్ఛకటికము”ననే చారుదత్తుని యిల్లాలు ధూతను చూడుము. భర్త యింట దాచిన పరుల నగలు దొంగల పాలయినప్పుడు, అతని మాట పోకుండ తన రత్నహారమును మైత్రేయుని చేతి కిచ్చి పంపినది. చారుదత్తుని యౌదార్యమును లోకము పొగడును. ఆ హారము ధూత పుట్టింటివారు పెట్టినదని యెందఱికి జ్ఞాపకము? ఆమె చూపిన త్యాగము గొప్పదే. ఐనను ప్రతి గృహిణియు హారము తీసి యీయవలెనని మే మనజాలము. ఇచ్చుటకు ముందు ఆమె నడుగవలె నందుము. నెల మొదట బడి జీతమును, బియ్యపు వెలయు నీ చేతి కిచ్చి, మిగిలినదానితో నాయన ఎందఱికి పెట్టినను నీవు నవ్వుచు వడ్డింపుము. ఈ మాట నాయనతో నలుగురెదుట గాక, ఏకాంతమున, ఆయన సరసముగా నున్న వేళ చెప్పుము. రేలంగివారి దంపతు లిరువురును కలసియే పెట్టిరని చెప్పుదురు. అందువలననే అది అంతకాలము నిలిచినదని మా యూహ.

1970లో వారికి పద్మశ్రీ బిరుదము వచ్చినది. తెలుగు హాస్యనటులలో నది పొందినవారిలో వారే ప్రథములు. 1975 నవంబరులో తాడేపల్లిగూడెముననే కన్నుమూసిరి.

మావారి బడిపిల్లలకు లక్ష్మణకుమారుడు తెలియును. చరవాణిలో చూచి పకపక నవ్వుదురు. ఆ వేషధారి పేరడిగినచో తరగతిలో నిద్దఱు మువ్వురు చెప్పిరట. ఆ పంక్తిలో కూర్చుండి తిన్నవారు ఇప్పటికి వృద్ధులై యుందురు. తాడేపల్లిగూడెపు సోదరీమణులు తమ యింటి పెద్దల నడిగి, అచ్చట నేమేమి వడ్డించెడివారో, పొయ్యికడ నిలిచి వండిన స్త్రీ లెవ్వరో మా కొక కార్డుముక్క వ్రాసినచో, వచ్చు మాసమున ఈ పుటలోనే ప్రకటింతుము.