తాగి ఉన్నవాడి వేలిముద్ర తీసుకోకండి

ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ గారికి,

అయ్యా,

మా ఊరి రైతు ఒకాయన ఎకరం పొలం అమ్మకం దస్తావేజు మీద వేలిముద్ర వేసిన రోజు సరిగ్గా నిలబడే స్థితిలో లేడు. పొద్దున్నే మందు పోయించి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకొచ్చిన బ్రోకరే ఆయన బొటనవేలు పట్టుకుని మిషన్ మీద ఆనించాడు. ఫొటో తీశారు, సాక్షులు సంతకాలు పెట్టారు, పనైపోయింది. పొలం ఎంతకు పోయిందో మర్నాడు భార్య ఆ కాగితాలు చదివించుకుంటే గానీ ఆయనకు తెలియలేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ స్పష్టంగానే ఉంది: షరతులు అర్థం కానంతగా తాగినవాడు ఆ మత్తు దిగేదాకా ఒప్పందం చేసుకోలేడు. కానీ 1908 రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ మైనర్లనూ మతిస్థిమితం లేనివాళ్లనూ తిరస్కరించమంటుందే గానీ, తాగినవాళ్ల ఊసెత్తదు. ఆ రోజు ఒళ్లు తెలియని స్థితిలో ఉన్నానని ఏళ్ల తర్వాత కోర్టులో రుజువు చేసుకోవాల్సింది మాత్రం ఆ పేదవాడే. ఏ ఆధారం చూపిస్తాడు?

తాగి సంతకం పెట్టానంటూ అప్పు ఎగ్గొట్టేవాళ్లూ ఉంటారు, నిజమే. ఒక గ్లాసు తాగిన ప్రతివాడి సంతకాన్నీ కొట్టేయమని నేను అడగడం లేదు. అమ్మేవాణ్ణి బ్రోకరు లేకుండా కూర్చోబెట్టి, ఏ సర్వే నంబరు, ఎవరికి, ఎంతకు అని సబ్ రిజిస్ట్రార్ అడగాలి. చెప్పలేకపోతే మర్నాడు రమ్మనాలి. దస్తావేజు దాఖలుకు చట్టం నాలుగు నెలల గడువిస్తోంది, కాబట్టి నిజాయితీగా కొనేవాడికి నష్టం లేదు. ఈ మేరకు సర్క్యులర్ వెంటనే జారీ చేయండి.

ఇట్లు,
ఒక రైతు