మెత్తనివాడి కోపం

డ్రాగన్ బాల్ జెడ్ గురించి మన హాస్టల్లో ఎవరిని కదిలించినా గోకు గొప్పా, వెజీటా గొప్పా అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ట్రంకు పెట్టెల మూతలకి లోపలివైపు అంటించుకున్న బొమ్మలు కూడా ఆ ఇద్దరివే. నా లెక్క వేరు. ఆ కథలో నేను అందరికంటే ఎక్కువ గౌరవించేది ఒక్క పోరాటం కూడా గెలవని ఒక పాత్రని. అతనికి పేరు కూడా లేదు, నంబరే ఉంది. ఆండ్రాయిడ్ 16.

అన్నల్లో చాలామంది ఈ కథ చూసి ఉండరు కాబట్టి ముందు రెండు ముక్కలు చెప్పాలి. జపాన్‌లో అకిరా తోరియామా అనే చిత్రకారుడు 1984 నుంచి 1995 వరకు 'వీక్లీ షోనెన్ జంప్' అనే వారపత్రికలో డ్రాగన్ బాల్ అనే బొమ్మల కథ గీశాడు. ఇలాంటి కథని వాళ్ళు మాంగా అంటారు. పుస్తకాలుగా వేస్తే 42 సంపుటాలయింది. అందులో రెండో భాగాన్నే 1989 నుంచి 1996 దాకా డ్రాగన్ బాల్ జెడ్ పేరుతో టీవీ బొమ్మల సీరియల్‌గా తీశారు. తోరియామా 2024 మార్చి 1న, 68 ఏళ్ళ వయసులో చనిపోయాడు. మా బ్యాచ్ వాళ్ళం ఈ సీరియల్‌ని ఫోన్లో, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ, ఒక్క తెర చుట్టూ ఆరుగురం మూగి చూశాం. పదాలు కొన్ని అర్థం కాకపోయినా కథ అర్థమైంది.

ఇక 16 సంగతి. గోకు చిన్నతనంలో రెడ్ రిబ్బన్ అనే దుర్మార్గపు సైన్యాన్ని నాశనం చేస్తాడు. ఆ సైన్యంలో పనిచేసిన డాక్టర్ గెరో అనే శాస్త్రవేత్త పగబట్టి, గోకుని చంపడానికి కృత్రిమ మానవులని తయారు చేస్తాడు. 17, 18 అనే కవల తమ్ముడూ అక్కా మొదట మామూలు మనుషులే. వాళ్ళని పట్టుకొచ్చి మార్చాడు. 16 అలా కాదు. తల నుంచి పాదం దాకా యంత్రమే. బలంలో ఆ ఇద్దరినీ మించినవాడు. అయినా గెరో అతన్ని ఒక పెట్టెలో పెట్టి మూసేశాడు. 18 ఆ పెట్టె తెరవబోతే వద్దు వద్దని బతిమాలాడు. అతను ఫెయిలైన తయారీ అన్నాడు.

ఫెయిల్! ఎందులో ఫెయిలయ్యాడు? కథ నడుస్తున్నకొద్దీ మనకే తెలుస్తుంది. అతనికి పక్షులంటే ఇష్టం. చెట్లంటే ఇష్టం. చెప్పిన పని గోకుని చంపడం కనుక గోకు కాని వాళ్ళ జోలికి పోడు. 18 వెజీటాతో తలపడుతుంటే పక్కన నిలబడి చూస్తాడే గాని చెయ్యి కలపడు. అనవసరంగా ఒకరిని కొట్టడం అతనికి చేతకాదు. చంపడానికి చేసినవాడికి చంపాలనిపించకపోవడమే అతని ఫెయిల్. పరీక్ష పెట్టినవాడెవడో, దేనికి పెట్టాడో చూడకుండా ఫెయిల్ అన్న మాట నమ్మకూడదని నాకు మొదట తెలిసింది ఈ పాత్ర దగ్గరే.

తర్వాత కాలంలో తోరియామా ఒక వివరం చెప్పాడు. గెరోకి ఒక కొడుకుండేవాడట. రెడ్ రిబ్బన్ సైన్యంలోనే పనిచేస్తూ చనిపోయాడు. 16ని ఆ కొడుకు రూపంలోనే చేశాడు. యుద్ధంలో మళ్ళీ నాశనమైపోతాడేమోనన్న భయంతో మెత్తని మనసు పెట్టాడు. అంటే ఫెయిల్ అని పేరుపెట్టి పెట్టెలో దాచింది కొడుకునే. ప్రపంచాన్ని తగలబెట్టాలనుకున్న దుర్మార్గుడికి కూడా తన కొడుకు మాత్రం గొడవల్లోకి పోకూడదు. నన్ను హాస్టల్లో దింపి వెళ్తూ మా నాన్న చెప్పింది కూడా ఒక్కటే మాట, ఎవరితోనూ గొడవ పెట్టుకోకు నాయనా అని. మనలో ఎంతమందికి ఇంట్లో ఇదే మాట చెప్పి పంపారో చేతులెత్తమంటే భోజనాల హాలు నిండిపోతుంది. అందులో ప్రేమ ఉంది, భయమూ ఉంది. తరతరాలుగా గొడవ పడితే ఏమవుతుందో చూసినవాళ్ళ భయం అది. దాన్ని నేను తక్కువ చేయను.

కాని 16 పెట్టెలో ఉండిపోలేదు. నా అభిప్రాయమంతా ఇక్కడినుంచే.

సెల్ అనే రాక్షసుడు ఆండ్రాయిడ్లని మింగి సంపూర్ణ రూపం తెచ్చుకోవాలని చూస్తాడు. 17 మీద పడ్డప్పుడు అంతవరకు చెయ్యి కదపని 16 ముందుకొచ్చి వాడితో తలపడతాడు. 17ని కాపాడలేకపోయాడు, తల సగం పగిలింది. పగిలిన తలతోనే 18ని పారిపొమ్మంటాడు. తర్వాత బుల్మా, వాళ్ళ నాన్న కలిసి అతన్ని బాగుచేస్తారు. చివరికి సెల్ పెట్టిన పోటీకి వెళ్ళి గోకు బృందంతోపాటే నిలబడతాడు. చంపాల్సిన గోకు పక్కనే ఉన్నాడు. చెయ్యి ఎత్తలేదు. వెనుక నుంచి సెల్‌ని గట్టిగా పట్టుకుని, తన ఒంట్లోని బాంబుతో వాడితోపాటు పేలిపోవాలనుకుంటాడు. అప్పుడు క్రిలిన్ అరుస్తాడు, బాగుచేసేటప్పుడు ఆ బాంబు తీసేశారని. 16కి ఆ సంగతే తెలియదు.

ఈ ఒక్క చోట కాసేపు ఆగాలి. బుల్మా చెడ్డది కాదు. మంచి మనసుతోనే తీసింది. కాని అతన్ని అడగలేదు, తీశాక చెప్పనూ లేదు. మనకి మేలు చేసేవాళ్ళు మనల్ని అడిగి చేయడం ఎంత అరుదో ఈ హాస్టల్లో పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మెనూ మార్చినా, గదులు మార్చినా, మనకేది మంచిదో ఎక్కడో నిర్ణయమైపోయి కాగితం రూపంలో నోటీసు బోర్డుకి వస్తుంది. సరే, కథలోకి వద్దాం.

సెల్ అతన్ని ముక్కలు చేశాడు. తల మాత్రం మిగిలింది. మరోవైపు గోకు కొడుకు గోహాన్ దెబ్బలు తింటున్నాడు. ఆ పిల్లవాడిలో అందరికంటే ఎక్కువ బలం ఉంది. అది కోపం వస్తేగాని బయటికి రాదు. వాడికేమో కొట్లాట ఇష్టం లేదు. నిన్ను చంపాలని లేదు అని సెల్‌తోనే చెబుతాడు. కన్నతండ్రి గోకుకే ఇది అర్థం కాలేదు, తనలాగే పోరాటమంటే సరదా అనుకుని బరిలోకి పంపాడు. వాడు నీలాంటివాడు కాదని పిక్కొలో గోకుని మందలించాల్సి వచ్చింది. సెల్ ఏడు పిల్ల సెల్‌లని పుట్టించి స్నేహితులందరినీ కొట్టిస్తుంటే కూడా గోహాన్ కళ్ళు చెమరుస్తున్నాయే గాని చెయ్యి లేవడం లేదు. అప్పుడు 16 తల, దగ్గరున్న మిస్టర్ సేటన్‌ని అడిగి తనని ఆ పిల్లవాడి దగ్గరికి విసిరించుకుంటుంది.

ఆ తల చెప్పే మాటలు నేను మాటకి మాట రాయడం లేదు, సారాంశం చెబుతాను. న్యాయం కోసం పోరాడటం పాపం కాదంటాడు. మాటలతో దారికి రానివాళ్ళు కూడా ఉంటారంటాడు. నీ బాధ నాకు తెలుసు, ఇక ఓర్చుకోవద్దు అంటాడు. తను ప్రేమించిన జీవాలని, ప్రకృతిని కాపాడమంటాడు. అంతే. సెల్ ఆ తలని కాలితో తొక్కి నలిపేస్తాడు. గోహాన్‌లో కట్ట తెగుతుంది.

దీన్ని చూసినవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరికి 16 అంటే పిచ్చుకలతో ఆడుకునే అమాయకుడు, అహింసామూర్తి. ఇంకొందరికి అతను గోహాన్‌కి కోపం తెప్పించడానికి కథకుడు వాడుకున్న ఒక బొమ్మ. రెండూ నాకు ఒప్పుకోబుద్ధి కాదు. గోహాన్‌కి కోపడమని చెప్పడానికి అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళు చెబితే వాడు వినలేదు. కొట్లాట ఇష్టంలేనివాడికి, కొట్లాట ఇష్టంలేని ఇంకొకడు చెప్పాడు గనుక విన్నాడు. పొద్దస్తమానం రంకెలు వేసేవాడు పోరాడమంటే ఒక అర్థం. పక్షి ఎగిరిపోతుందేమోనని కదలకుండా కూర్చునేవాడు ఇక ఓర్చుకోవద్దు అంటే దాని బరువు వేరు.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మన సామెత. ఇంతవరకు ఈ సామెతని మెత్తగా ఉండకు అని చెప్పడానికే వాడుతున్నాం. తప్పు మెత్తనివాడిదన్నట్టు! మొత్తేవాడి బుద్ధి సంగతి ఎవరూ ఎత్తరు. అదే నోటితో మనకి ఓర్పు కూడా బోధిస్తారు. పప్పులో నీళ్ళెక్కువయ్యాయంటే బుద్ధిగా చదువుకో, స్నానాలకి నీళ్ళు రాలేదంటే బుద్ధిగా చదువుకో. బుద్ధి అనే మాటకి అర్థం నోరు మూసుకోవడంగా ఎప్పుడు మారిందో!

పీజీలో చేరిన కొత్తలో ఒక కార్యాలయం కిటికీ దగ్గర ఫీజు కాగితాల కోసం వరసలో నిలబడ్డాం. మా ముందున్న జూనియర్ కుర్రాడు ఫారంలో ఏదో గడి వదిలేశాడు. లోపలున్నాయన ఫారం సంగతి వదిలేసి, మీరంతా ఇంతే, ఊరికే వచ్చేదానికి కూడా సంతకం పెట్టడం రాదు అని మొదలుపెట్టాడు. మాలో అందరికంటే నెమ్మదైనవాడు ఒకడున్నాడు. తరగతిలో హాజరు పలకడం కూడా వినిపించదు. వాడు పక్కకొచ్చి, "ఏ గడి నింపాలో చెప్పండి సార్, నింపుతాడు. తిట్టొద్దు" అన్నాడు. గొంతు పెంచలేదు. వరస మొత్తం తలలెత్తింది. ఆయన ఒక్క క్షణం చూసి, వేలితో గడి చూపించాడు. ఆ రోజు గొంతు పెంచగలవాళ్ళం చాలామందిమే ఉన్నాం వరసలో. మేం అరిచి ఉంటే కిటికీ మూసేసేవాడు.

ఇక్కడితో ఆపితే నా వాదన సగమే అవుతుంది. గోహాన్ కోపం వచ్చాక ఏమైందో మన తమ్ముళ్ళు గుర్తుంచుకోరు. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, మెరుపులు, అదే గుర్తు. పిల్ల సెల్‌లని ఏడింటినీ మట్టుబెట్టాక గోకు అరుస్తాడు, ఇప్పుడే వాణ్ణి ముగించెయ్ అని. గోహాన్ వినడు. వీణ్ణి ఇంకా బాధపెట్టాలి అంటాడు. ఆ ఆలస్యంలో ఓడిపోతున్న సెల్ భూమితోపాటు పేలిపోవడానికి ఒళ్ళు ఉబ్బించుకుంటాడు. వాణ్ణి దూరంగా తీసుకుపోయి గోకు తన ప్రాణం పోగొట్టుకుంటాడు. సెల్ తిరిగొచ్చి ట్రంక్స్‌ని కూడా చంపుతాడు. ఆ తర్వాతగాని గోహాన్ వాణ్ణి పూర్తిగా తుదముట్టించలేకపోయాడు. 16 చెప్పినవి రెండు, కోపాన్ని బయటికి రానివ్వు అని ఒకటి, జీవాలని కాపాడు అని ఇంకొకటి. పిల్లవాడు మొదటిది పట్టుకుని రెండోది మరిచిపోయాడు. ఆ మరుపు ఖరీదు తండ్రి ప్రాణం.

ఇది మనం కాస్త నిదానంగా ఆలోచించాల్సిన చోటు. హాస్టళ్ళలో, ఏ హాస్టల్ అని కాదు, బయట తిన్న అవమానం రాత్రికి జూనియర్ల గదిలో తీర్చుకునే అన్నలు ఉన్నారు. మంచినీళ్ళు తెమ్మనడం, బట్టలు ఉతకమనడం, నిలబెట్టి పేరు పదిసార్లు చెప్పించడం. అడిగితే మేమూ పడ్డాం అంటారు. పడ్డది ఎవరి చేతిలో, తీర్చుకునేది ఎవరి మీద? కిటికీ అవతల ఆయన ముందు రాని కోపం ఆరో తరగతి పిల్లవాడి ముందు వస్తే దాన్ని కోపం అనరు. ఆ పిల్లవాడి కళ్ళలో మనం సెల్‌లాగే కనబడతాం.

గోడ మీద అంబేద్కర్ గారి పటం ఉన్న హాస్టల్లో కోపం గురించి చెప్పడానికి జపాన్ బొమ్మ కావాలా అని ఒక అన్న నన్ను అడగవచ్చు. అక్కర్లేదు. 1927లో మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగడానికి వేలమందిని నడిపించినప్పుడు, దాడి జరిగినా తనవాళ్ళని ఎదురుదాడికి పోనివ్వకుండా ఆపి, ఆ కేసుని కోర్టులో నడిపి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచిన మనిషి ఆయన. కోపం పదేళ్ళు చల్లారకుండా, దారి తప్పకుండా ఉండటమంటే అది. కాని ఏడో తరగతి తమ్ముడికి నేను మహాడ్ గురించి చెబితే పరీక్షకి వస్తుందా అన్నా అని అడుగుతాడు. 16 గురించి చెబితే దగ్గరికి జరిగి కూర్చుంటాడు. దగ్గరికి జరిగాక మహాడ్ కూడా చెప్పవచ్చు.

తోరియామా మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఆ కథలో చచ్చినవాళ్ళు బతకడం మామూలే. షెన్రాన్ అనే డ్రాగన్ కోరికలు తీరుస్తుంది. సెల్ చంపినవాళ్ళు చాలామంది అలాగే తిరిగొచ్చారు. క్రిలిన్ 17, 18లని మళ్ళీ మనుషులుగా మార్చమని అడిగి, అది కాదంటే కనీసం వాళ్ళ ఒంట్లో బాంబులైనా తీసెయ్యమని అడిగాడు. 16 మాత్రం మళ్ళీ రాలేదు. అంతా యంత్రమే కదా, ప్రాణమెక్కడిది అనుకున్నారేమో. పక్షులని ప్రేమించినవాడికి ప్రాణం లేదంటే నేను నమ్మను.

అయితే 2015లో మొదలైన డ్రాగన్ బాల్ సూపర్‌లో 17 మళ్ళీ కనిపిస్తాడు. ఒక దీవిలో అడవి జంతువులకి కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. వేటగాళ్ళు వస్తే తరిమికొడుతున్నాడు. 2018 మార్చిలో వచ్చిన చివరి భాగంలో విశ్వాల మధ్య పోటీ ముగిసేసరికి బరిలో మిగిలిన ఒకే ఒక్కడు అతనే. ఏం కావాలో కోరుకోమంటే, ఓడిపోయి తుడిచిపెట్టుకుపోయిన లోకాలన్నీ తిరిగి రావాలని కోరుకున్నాడు. దొంగిలించిన వ్యానులో 16 పక్కన కూర్చుని కొండదారులు తిరిగిన కుర్రాడే ఆ 17.