ప్రపంచపు బేరము - అనంతపుర సీమ

ప్రపంచ వాణిజ్యము మన గడప లోనికి రావలెనా, వలదా యను చర్చ పట్టణపు సభలలో నేటికిని వినబడుచున్నది. ఈ వ్యాజ్యమునకు కాలదోషము పట్టినదని మా యభిప్రాయము. ప్రపంచము అనంతపుర సీమకు వచ్చి తరములు గడచినవి. మన మెట్టపొలములలోని వేరుసెనగ దక్షిణ అమెరికా నుండి వచ్చిన పైరు. మన కూరలోని మిరపకాయయు నట్టిదే. 1565లో తళ్లికోట యుద్ధానంతరము పెనుగొండ రాజధానియైన విజయనగర రాజ్యపు సేనలు సముద్రము దాటి వచ్చిన గుఱ్ఱములపై నాధారపడియే పెరిగినవి. కావున అడుగవలసిన ప్రశ్న వేరొకటి. బేరము జరుగు చోట మన పక్షమున కూర్చుండు వారెవరు?

మొదట వేరుసెనగ మాట. అనంతపుర సీమ యనుటలో 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాగా వేరుపడిన భాగమును గూడ మేము కలుపుకొనుచున్నాము. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ యెఱ్ఱనేలలలో ఒకప్పుడు 7 లక్షల హెక్టార్లకు మించి ఈ యొక్క పైరే వేయుచుండిరి. విదేశపు నూనెపై ఆధారపడుట తగ్గవలెనని 1986లో కేంద్ర ప్రభుత్వము నూనెగింజల సాంకేతిక మిషన్‌ను నెలకొల్పెను. కొఱ్ఱ, సజ్జ, జొన్న పండిన నేలలు గూడ క్రమముగా వేరుసెనగ క్రిందికి మారినవి. 1994లో పామోలిన్ దిగుమతికి లైసెన్సు నిర్బంధము తొలగెను. అప్పుడు నూటికి 65గా నున్న సుంకము 1998 నాటికి 15కు దిగెను. ఈ మార్పు మెట్టరైతునకు తెలిసినది గెజెట్టు వలన గాదు, మార్కెట్టు యార్డులో చెప్పిన ధర వలన. వాన రాకపోవుట దైవికము. వాన వచ్చి పండిన యేట ధర రాకపోవుట దైవికము కాదు. బోరుబావుల అప్పులును, పైరు పోయిన యేండ్ల వడ్డీలును కలిసి ఎందఱు రైతుల ప్రాణములు గొన్నవో ఈ సీమవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. మిగిలినవారిలో పెక్కండ్రు బెంగుళూరునకును కేరళమునకును కూలికి పోయిరి.

ఈ ముడి నేటికిని వీడలేదు. 2022-23, 2023-24 సంవత్సరములలో మన దేశము ఏటా 150 లక్షల టన్నులకు మించి వంటనూనెను దిగుమతి చేసికొనెను. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా ప్రభుత్వము పామాయిల్ ఎగుమతిని నిలిపివేయగా, మే 23న ఆ నిషేధము తొలగువఱకు మన వంటిండ్లు జకార్తా వైపు చూడవలసి వచ్చెను. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెలపై సున్నగా నున్న మూల సుంకమును 20కి పెంచిరి, రైతునకు మేలనిరి. 2025 మే నెలాఖరున దానినే 10కి దించిరి, కొనువారికి మేలనిరి. రెండు మాటలును కొంతవఱకు నిజములే. కాని రైతు విత్తనకాయ సిద్ధము చేసికొని వానకై యెదురుచూచు దినములలోనే లెక్క తాఱుమాఱయ్యెను.

పట్టు సంగతి ఇంతకంటె చిక్కైనది. 2011 బడ్జెట్టులో ముడిపట్టుపై సుంకమును నూటికి 30 నుండి 5కు తగ్గించిరి. చైనా పట్టు చౌకయైనచో హిందూపురము మార్కెట్టునకు గూళ్లు తెచ్చు మల్బరీ రైతు నష్టపడును. నూలు కొనుక్కొను ధర్మవరపు నేతగాడు ఊపిరి పీల్చుకొనును. ఇద్దఱును మనవారే. ఒకే కాగితము ఒకని యింట దీపము వెలిగించి, వేఱొకని యింట ఆర్పినది. కావున తలుపులన్నియు మూయుడనుటయు, అన్నియు తెఱువుడనుటయు, రెండును ఆలోచింపనొల్లని వారి సిద్ధాంతములే.

ఇక కర్మాగారము. 2017 ఏప్రిల్‌లో కొరియా దేశపు కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, పెనుగొండ సమీపమున ఎఱ్ఱమంచి వద్ద ఏటికి 3 లక్షల కార్లు చేయగల కర్మాగారమును కట్టెను. 2019లో అందుండి కార్లు వెలువడెను. 2023 జూలై నాటికి వాని సంఖ్య 10 లక్షలకు చేరెను. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణాజలము నిండు గొల్లపల్లి జలాశయము దానికి నీరిచ్చుచున్నది. కొరియా భోజనశాలలు వెలసినవి. మన యువకులకు పనులు దొరకినవి. ఇందులకు మేము సంతోషింతుమే గాని నిందింపము. అయినను ఒక సంగతి గమనింపదగును. ఆ సంస్థ పునాది త్రవ్వకముందే భూమి యెంత, నీరెంత, రాయితీ లెట్టివి యని అడిగి, వ్రాతమూలకముగా ఒప్పించుకొనెను. తన బేరము తాను చేసికొనుట తప్పు కాదు. అదే హంద్రీ-నీవా క్రింద, పిల్లకాలువలు చాలచోట్ల పూర్తికాక కాచుకొనియున్న రైతు చేతిలో అట్టి పత్రమేది?

న్యాయస్థానములలో ఎక్స్ పార్టీ డిక్రీ యను మాట కలదు. ప్రతివాది హాజరు కానిచో ఒక పక్షము మాటయే విని ఇచ్చు తీర్పది. నోటీసే అందలేదని చూపగలిగినచో అతడు దానిని రద్దు చేయించుకొనవచ్చును. మెట్టరైతుపై ముప్పదియేండ్లుగా ఇట్టి డిక్రీలే వచ్చుచున్నవి; రద్దు కోరుటకు మాత్రము అతనికి న్యాయస్థానము లేదు. లోకమంతయు ఒక్క సంత యైన ఈ కాలమున నాయకత్వమునకు కొలత మారవలెను. ప్రారంభోత్సవమున రిబ్బను కత్తిరించినవాడు నాయకుడు కాడు. సుంకపు ఉత్తరువు వెలువడకముందే దాని ఫలితము మన యార్డులో ఏమగునో లెక్కగట్టి ఢిల్లీలో అడ్డుపడగలవాడు నాయకుడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున, గుఱ్ఱములను ఏనుగులను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరించి, అవి శత్రువుల చేత పడకుండ చూచుకొనుమని ఉపదేశించెను. పరదేశి వర్తకుని గౌరవించుటయు, తన రాజ్యపు అవసరమును మరువకుండుటయు ఆయనకు ఒకే నీతి. మన ప్రతినిధులు ఆ రెండవ భాగమును గూడ నేర్వవలెను.

చేయదగిన పనులు దుర్లభములు కావు. ఖరీఫు విత్తుటకు ముందే నూనెల సుంకమును ప్రకటించి, పంట అమ్ముడగువఱకు మార్చరాదని మన పార్లమెంటు సభ్యులు పక్షభేదము లేక కోరవలెను. ఒక సుంకము వలన ఒకరికి లాభమును వేఱొకరికి నష్టమును కలిగిన చోట, నష్టపడిన వానికి ఆ యేడే సాయ మందవలెను. పరిశ్రమలతో ప్రభుత్వము చేయు ఒప్పందములు తెలుగులో ప్రతి గ్రంథాలయమునకును చేరవలెను. రైతులు సంఘములుగా కూడి గిడ్డంగులను, నూనె గానుగలను తమ చేతిలో నుంచుకొనవలెను. ప్రపంచపు సంత మనవారికి అందనిది కాదు. 2020 జనవరిలో తాడిపత్రి నుండి అరటిపండ్లు శీతల పెట్టెలలో రైలెక్కి, ముంబయి చెంతనున్న నెహ్రూ రేవునకు ఎగుమతికై పోయినవి. కొనువాడు కోరిన నాణ్యత యేమో ముందుగా తెలిసినచో దానిని పండించు నేర్పు మన రైతునకు కలదు.

ఈ పని రైతు ఒక్కని వలన కాదు. లెక్కలు చదువగల వకీళ్లు, ఉపాధ్యాయులు, వర్తకులు పట్టణములలోనే యున్నారు. పఠనమందిరమున పత్రిక చదివి మడిచి పెట్టుటతో వారి ధర్మము తీరదు. సుంకపు ఉత్తరువు వెలువడిన దినముననే దాని యర్థమును పొరుగు గ్రామమునకు చేర్చినవాడే నేటి దేశసేవకుడు. వాన మన చేతిలో లేదు. బేరము మన చేతికి రావలెను.