రాళ్లకొక సంఘమా?

గడచిన వేసవి సెలవులకు ముందు, మన పాఠశాలలో పదవ తరగతి చదువుచున్న యొక బాలుని తండ్రిగారు నాతో మాటలాడుచుండిరి. మాటల సందర్భమున, హైదరాబాదు నగరమున రాళ్లను కాపాడుటకే యొక సంఘము కలదని నేను చెప్పగా వారు నవ్వి, "రాళ్లకు గూడ ఒక సంఘమా సార్? మనుష్యులకే దిక్కు లేదు గదా!" అనిరి. ఆయన వృత్తిచేత రాయి కొట్టువారు. మూడు తరములుగా వారి కుటుంబము సుత్తెను, ఉలిని, గడ్డపారను నమ్ముకొని బ్రదికినది. కావున ఆ నవ్వులో ఎగతాళి కొంచెము, న్యాయమైన ప్రశ్న యెక్కువ అని నాకు తోచినది. ఆనాడు సరియైన యుత్తరము చెప్పలేకపోతిని. ఉపాధ్యాయునికి ఉత్తరము ఎప్పుడును గంట మ్రోగిన తరువాతనే జ్ఞప్తికి వచ్చును. ఇప్పుడు ఈ పత్రికా ముఖమున చెప్ప ప్రయత్నించెదను.

ముందుగా ఆ రాళ్లెట్టివో విద్యార్థులు తెలిసికొనవలెను. హైదరాబాదు చుట్టుపట్ల గుట్టలపై ఒకదానిమీద నొకటి యెవరో పేర్చినట్లు నిలిచియున్న గుండ్లు గ్రానైటు శిలలు. వాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. భూగర్భమున కరగియున్న శిలాద్రవము మిక్కిలి మెల్లగా చల్లారి గట్టిపడగా ఈ శిల యేర్పడినది. దానిపై నుండిన పొరలు లెక్కలేనన్ని యేండ్లకు అరిగిపోయినవి. మీది బరువు తగ్గినకొలది రాయి నిలువుగను అడ్డముగను పగుళ్లు వారినది. ఆ పగుళ్లలోనికి వాననీరు దిగి, రాతిని కొంచెము కొంచెముగా మెత్తని మట్టిగా మార్చెను. చదరపు దిమ్మకు మూలలు ముందుగా అరగును. ఏలయనగా అచ్చట నీరు మూడు వైపులనుండి సోకును. అందుచేత చదరపు దిమ్మలన్నియు భూమిలోపలనే గుండ్రబడి, ఉల్లిపాయవలె పొరలు పొరలుగా ఊడినవి. తరువాత వానలకు ఆ మెత్తని మట్టి కొట్టుకొనిపోగా గట్టి గుండ్లు మాత్రము నిలిచినవి. రాక్షసులు పేర్చిరని మన అవ్వలు చెప్పుకొను గుండ్లు నిజమునకు పేర్చబడినవి కావు, మిగిలినవి. ఈ సంగతినే తరగతిలో నల్లబల్లమీద బొమ్మ వ్రాసి చెప్పినప్పుడు సగముమంది పిల్లలకు ఆవులింతలు వచ్చును. గుండు నీడలో నిలువబెట్టి చెప్పినప్పుడు ఒక్కరికిని రాలేదు.

ఈ బండలతో పూర్వులు ఎట్లు మెలగిరో చూడగోరువారు గోలకొండకు పోవలెను. కోటగోడ కట్టినవారు అడ్డము వచ్చిన పెద్ద గుండ్లను పగులగొట్టక, పలుచోట్ల గోడను గుండువరకు తెచ్చి ఆపి, ఆవలి ప్రక్కనుండి మరల సాగించిరి. గుండే గోడయైనది. గుట్టల నడుమ పల్లమున చెరువులు త్రవ్వించిరి. బండమీద పడిన వాన పగుళ్ల వెంట దిగి, కొంత నేలలో ఇంకి, కొంత చెరువు చేరును. గుట్టను చదును చేసినవారు నీటి దారిని కూడ మార్చుచున్నారని వారికి తెలిసియుండవచ్చును, తెలియకపోవచ్చును. నీటికి మాత్రము తెలియును.

ఇక సంఘము సంగతి. బంజారాహిల్స్, జూబిలీహిల్స్ ప్రాంతములలో ఇండ్లు విపరీతముగా పెరుగుచున్న కాలమున, ప్రతిదినము ఏదో యొక గుట్టపై మందుగుండు ప్రేలుచుండగా, చిత్రకారులు, ఛాయాగ్రాహకులు, ప్రకృతి ప్రేమికులు కొందరు కూడి 1996లో "సొసైటీ టు సేవ్ రాక్స్" అను సంఘమును స్థాపించిరి. జర్మనీ దేశమున పుట్టి హైదరాబాదున స్థిరపడిన ఫ్రౌకే ఖాదర్ గారు ఆదినుండియు దాని ముఖ్య కార్యకర్తలలో నొకరు. ఆ సంఘమునకు అధికారము లేదు, బంట్రోతులు లేరు, ఒక బండను కొట్టవలదని యెవరిని ఆజ్ఞాపించు హక్కును లేదు. వారు చేసిన పనులు వినుటకు చాల సామాన్యములు. బండల యొద్దకు నడకలు ఏర్పాటుచేసిరి. ఛాయాచిత్రములు తీసి ప్రదర్శించిరి. పాఠశాలల పిల్లలను వెంటబెట్టుకొని పోయిరి. స్థలములో బండ యున్నచో దానిని పగులగొట్టక ఇంటిలోనో తోటలోనో కలుపుకొని కట్టవచ్చునని ఇండ్లు కట్టువారికి చూపిరి. ఇవియే గాక ఉత్తరములు వ్రాసిరి, మరల వ్రాసిరి.

ఆ ఉత్తరముల ఫలమే నాకు అన్నిటికంటె మెచ్చదగినదిగా కనబడుచున్నది. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థవారి 1981 నాటి జోనింగు నిబంధనలలో, చారిత్రక కట్టడముల రక్షణకై 1995లో 13వ నిబంధన చేర్చబడినది. భవనములకును కోటలకును వర్తించు ఆ జాబితాలో బండలకు గూడ చోటియ్యవలెనని సంఘమువారు పట్టుబట్టిరి. అట్లు మొదట తొమ్మిది శిలాస్థలములు, తరువాత మరికొన్ని అందు చేరినవి. మాదాపూరులో శిల్పారామము కడనున్న ఎలుగుబంటి ముక్కు బండ, హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములోని పుట్టగొడుగు బండ వానిలోనివే. బండ అందమైనదని పద్యము చెప్పుట సులభము. మనలో ననేకులము చెప్పుదుము. ఆ అందమునకు ఒక నిబంధన సంఖ్య సంపాదించుట కష్టము. పద్యము విని యంత్రము ఆగదు. నిబంధన సంఖ్య చూపినచో, ఎల్లప్పుడును కాకపోయినను, ఒక్కొక్కప్పుడు ఆగును.

ఒక్కొక్కప్పుడు అని యేల అంటినో చెప్పవలెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము ఆ 13వ నిబంధననే తొలగించినది. 2017లో వారసత్వ రక్షణకు వేరొక చట్టము వచ్చినది. ఇరువది యేండ్ల శ్రమ ఒక్క కాగితముతో సందిగ్ధమున పడినది. అయినను ఆ పాత జాబితా వట్టిదై పోలేదు. 2019లో ఇర్రంమంజిల్ భవనమును కూల్చి క్రొత్త శాసనసభ కట్టదలచిన నిర్ణయమును, నగర ప్రణాళికా చట్టముల ప్రకారము నడచుకొనలేదను హేతువుచేత హైకోర్టు కొట్టివేసినది. 2025 మార్చి నెలలో విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరముల నేలను యంత్రములు చదును చేయనారంభించినప్పుడు, విద్యార్థులును పౌరులును ఎలుగెత్తిరి. ఏప్రిలు 3వ తేదీన సుప్రీముకోర్టు ఆ పనిని నిలిపివేయించినది. ఆ నేల యెవరిది, దాని నేమి చేయవలెనను వివాదమున నేను తీర్పరిని కాను. న్యాయస్థానమునకు పోవువేళకు చేతిలో పటము, ఛాయాచిత్రము, తేదీగల ఉత్తరము ఉన్నవారి మాటకు బరువుండునని మాత్రము చెప్పుచున్నాను.

ఇచ్చట నా సొంత తప్పిదమొకటి చెప్పుకొనక తప్పదు. మన పట్టణమున పాఠశాలకు పడమట నొక గుట్ట యుండెడిది. పాత విద్యార్థులకు జ్ఞాపకముండును. సాయంకాలమున దాని నీడ మన ఆటస్థలము సగమువరకు వచ్చెడిది. కొన్నియేండ్ల క్రిందట దానిని చదును చేసి ఇండ్ల స్థలములుగా విభజింప దరఖాస్తు పడినది. అభ్యంతరములున్నవారు గడువులోగా తెలుపవలెనని ఒక కార్యాలయపు గోడమీద ప్రకటన అంటించిరి. ఆ గోడ ప్రక్కనుండి నేను దినమునకు రెండుసార్లు నడచెడివాడను. ప్రకటన చూచితిని, చదువలేదు. అది ఆంగ్లమున చిన్న అక్షరములతో నుండినదని సాకు చెప్పవచ్చును గాని, ఆంగ్లము బోధించువాడు ఆ సాకు చెప్పుట సిగ్గుచేటు. మార్చి పరీక్షల దినములలో మొదటి ప్రేలుడు వినబడినప్పుడు పరుగున కార్యాలయమునకు పోతిని. అచ్చటి గుమాస్తా మర్యాదగానే, "గడువు తీరి రెండు నెలలైనది సార్" అనెను. అతని మాటలో తప్పు లేదు. ఇప్పుడు ప్రతి వానకాలము ఆ చదునునేల మీది నీరు దిగువ వీధిలోని ఇండ్లలోనికి వచ్చుచున్నది. ఆ యిండ్ల పిల్లలు తడిసిన పుస్తకములతో నా తరగతికి వచ్చుచున్నారు.

ఇట్టి సంఘములు కలిగినవారి వేడుకలని ఒక మాట కలదు. అందు కొంత నిజము లేకపోలేదు. వారి పత్రములు తఱచుగా ఆంగ్లమున నుండును. ఆదివారపు నడకకు తీరిక యుండవలెను. కూలికి పోవువానికి ఆదివారమును పనిదినమే. ఈ లోపమును సంఘములవారే దిద్దుకొనవలెను. ప్రకటనలు తెలుగునను ఉర్దూనను వెలువడవలెనని మొదట అడుగవలసినవారు వారే. కాని గుట్ట పోయినప్పుడు నష్టపోవునది కలిగినవారు కారు. వారు మరియొక మిట్టకు పోయి ఇల్లు కట్టుకొందురు. నీరు చేరునది దిగువ వీధికి.

రాయి కొట్టు తండ్రిగారికి నేను చెప్పవలసినదియు ఇచ్చటనే యున్నది. మన పాఠశాల గోడలు రాతివి. మీ పెద్దలవంటివారు చెక్కిన రాతివి. రాయి కొట్టవలదని యెవరును అనుటలేదు, అనిన నేనే ఒప్పుకొనను. రాయి తీయుటకు గనులున్నవి. ఊరిలోని గుట్టలను మ్రింగినది ఉలియు సుత్తెయు కావు. స్థలము చదునుగా నుండవలెనను కోరికచేత, రాయిని అడ్డముగా నెంచి, మందుగుండుతో ప్రేల్చి, యంత్రములతో ఎత్తి, కంకర మిల్లునకు పంపుటచేత అవి పోయినవి. ఆ పనిలో మీ చేతికి దొరకిన కూలి ఎన్ని వారములది? పడమటి గుట్ట పోయిన తరువాత మీరే పని వెదకుకొనుచు పొరుగు జిల్లాకు పోతిరి గదా.

మన ఊరికి తూర్పున చిన్న గుట్ట యొకటి యింకను ఉన్నది. ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులు గజముకఱ్ఱయు దిక్సూచియు పట్టుకొని నాలుగు శనివారములు దానిమీద తిరిగి పటము వ్రాసిరి. గుండ్లు, చెట్లు, నీరు దిగు దారులు అందు గుర్తించిరి. ఆ పటముతో కూడ, గుట్టను పట్టణపు మాస్టర్ ప్లానులో ఖాళీస్థలముగా చూపవలెనని కోరుచు తల్లిదండ్రులు 41 మంది చేవ్రాళ్లతో ఉత్తరము పంపితిమి. ముద్రపడిన రసీదు ప్రధానోపాధ్యాయులవారి గదిలో నున్నది. ప్రత్యుత్తరము రాలేదు. మరల వ్రాయుదుము.

కడపటి శనివారమున ఆ తండ్రిగారును కుమారుని వెంట వచ్చిరి. ఏ గుండు నిలుకడగా నున్నదో, ఏది లోపల చెడినదో, సుత్తెతో తట్టి చప్పుడు విని పిల్లలకు చూపిరి. భూగోళశాస్త్రము చెప్పు నాకు ఆ విద్య లేదు. ఉత్తరపు కొనను పెద్దగుండు కడుపున ఆనుకొని చిన్నగుండొకటి యున్నది. పిల్లలు దానికి పటములో "7వ సంఖ్య" అని వ్రాసియుంచిరి. ఆయన చూచి, "దీనికి పేరున్నది సార్. మా తాత తల్లిపిల్ల గుండు అనెడివాడు" అనిరి. కుమారుడు 7 కొట్టివేసి ఆ పేరు వ్రాసెను.