గడియ పెట్టుకోవడానికీ అనుమతేనా?

"నివాసపు ఆర్డరు వచ్చింది కదా, ఇంకా ఏం కావాలి ఆమెకు?" కోర్టు వరండాల్లో ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. అడిగేది అవతలి పక్షం వాళ్ళే కాదు, మన తరఫు వకీళ్ళు కూడా. నా జవాబు ఒక్కటే. తలుపుకి లోపల గడియ బిగించుకోవడానికి కూడా తనని కొట్టినవాళ్ళ అనుమతి అడగాల్సి వస్తే అది నివాస హక్కు కాదు, దయాధర్మం.

గృహహింస చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇంటిమీద యాజమాన్యం ఉన్నా లేకపోయినా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఉందని దాని 17వ సెక్షన్ చెబుతోంది. ఇల్లు అత్తమామల పేర ఉన్నా ఈ హక్కు అడగొచ్చని 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మరి ఆర్డరు చేతికొచ్చాక ఏం జరుగుతోంది?

ఒకామె సంగతి చెబుతాను. కోర్టు ఆమెకు వెనక గది, వంటకి వసారా ఇచ్చింది. తలుపుకి లోపల గడియ లేదు. వానొస్తే రేకు కారుతుంది. ఆ గదికి కరెంటు ఇవ్వడం, తీసెయ్యడం మరిది చేతిలో ఉంది. గడియ బిగించడానికి వడ్రంగిని పిలిస్తే, "ఎవర్నడిగి మేకు కొట్టిస్తున్నావు?" అంటూ మామగారు అతన్ని గేటు దగ్గరే ఆపేశారు. ఆమె మళ్ళీ పిటిషను పెట్టింది. వాయిదా మీద వాయిదా. ఆ వానాకాలమంతా తలుపుకి ట్రంకుపెట్టె అడ్డం పెట్టుకుని పడుకుంది.

"ఇల్లు ఆమెది కాదుగా, ఇష్టమొచ్చినట్టు మార్చేస్తే ఎలా?" అంటారు. గోడ పడగొట్టడానికి, కొత్త గది వేయడానికి అనుమతి అడగమనండి, ఒప్పుకుంటాను. గడియ, కుళాయి, రేకు, బల్బు ఇంటిని మార్చేవి కావు. మనిషి బతకడానికి కావలసినవి. వీటికి కూడా అనుమతి కావాలనడంలో ఉన్నది ఇంటిమీద ప్రేమ కాదు. ఆమెని రోజూ తమ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడేట్టు చేసే పెత్తనం.

చట్టం ఇంత పిసినారిది కాదు. ఆమె భద్రతకి అవసరమైన అదనపు ఆదేశాలు ఇచ్చే అధికారం 19(2) కింద మేజిస్ట్రేటుకి ఉంది. ఆమె వాడుకోదగ్గ సౌకర్యాలకి అడ్డుపడటం ఆర్థిక హింసేనని 3వ సెక్షన్ అంటోంది. కరెంటు కనెక్షనుకి ఇంటి యజమానే అర్జీ పెట్టాలని కూడా లేదు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళూ పెట్టుకోవచ్చు.

కనుక పిటిషను రాసేటప్పుడు "నివాసం ఇప్పించండి" అన్న దగ్గర ఆగిపోవద్దు. గడియ, తాళం, నీళ్ళు, మరుగుదొడ్డి, కరెంటు, మరమ్మతులు, వచ్చిపోయే పుట్టింటివాళ్ళు... ఒక్కొక్కటీ పేరుపేరునా అడగండి. చిన్న మరమ్మతులకి ఎవరి అనుమతీ అక్కర్లేదనీ, ఎవరూ అడ్డుపడకూడదనీ ఆర్డరులోనే ఉండాలని కోరండి. రక్షణ అధికారి ఇల్లు చూడటానికి వెళ్తే ఆ తలుపూ ఆ పైకప్పూ చూసి రిపోర్టులో రాయమనండి. పాత ఆర్డర్లున్నవాళ్ళకి, పరిస్థితులు మారాయని చూపించి మార్పు కోరే దారి 25(2)లో ఉంది.

మీ ప్రాంతంలో ఇలాంటి ఆర్డరుతో ఉంటున్న స్త్రీల ఇళ్ళకి ఈ నెలలోనే వెళ్ళండి. ఏం ఉన్నాయో, ఏం లేవో రాసుకుని రండి. "ఇంత చిన్నదానికి మళ్ళీ కోర్టుకా?" అని వాళ్ళు మొహమాటపడతారు. మనం పడనక్కర్లేదు.